ట్యాంకు లోపలి నవ్వు

అప్పటికి సెల్‌ఫోన్లు ఇంకా మా వరకూ రాలేదు. మాకు పెళ్లయిన కొత్త. మావారు నూనె ట్యాంకులకూ పైపులకూ పట్టిన తుప్పు గీకి, మళ్లీ పట్టకుండా రంగు వేసే పని చేసేవారు. ఆ వేసవిలో నల్లపాడు దగ్గర ఒక పత్తిగింజల నూనె మిల్లులో ఖాళీ ట్యాంకు లోపల రంగు వేస్తున్నారు. బయట కాపలా ఉండాల్సిన మా మరిది రంగులో కలిపే థిన్నర్ కోసం గుంటూరు వెళ్లాడు. క్యారియర్ తెచ్చిన నేనే, మావారి నడుముకు కట్టిన తాడు కొస పట్టుకుని, ట్యాంకు అడుగున మనిషి దూరేంత కంత దగ్గర కూర్చున్నాను.

"ఏమండీ, అన్నం తిని వెళుదురుగాని, రండి" అని పిలిచాను.

లోపలి నుంచి పెద్ద నవ్వు వినిపించింది. ఆయన అసలే ముభావి.

"ఇక్కడ భలే చల్లగా ఉందే!" అని మళ్లీ నవ్వారు.

బయట ఇనుము ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. బయటికి రమ్మని అరిచాను. నవ్వు ఆగిపోయింది. ఎన్నిసార్లు పిలిచినా పలకలేదు.

నేను కంతలో తలపెట్టబోతుంటే మిల్లు ఫిట్టర్ పరుగున వచ్చి వెనక్కి లాగాడు.

"లోపలికి పోమాకమ్మా! రంగు వాసన తలకెక్కింది. నువ్వూ పడిపోతావ్. తాడు లాగు!"

హమాలీలు కూడా వచ్చి అందుకున్నారు. చొక్కా చిరిగి, భుజం గీరుకుపోయి ఆయన బయటికొచ్చారు. కాసేపటికి దగ్గి, కళ్లు తెరిచి, "ఎందుకేడుస్తున్నావ్?" అన్నారు.

ఆయన ఆ పని మానలేదు. లోపలికి గాలి కొట్టే ఫ్యాన్ లేకుండా మాత్రం ఇప్పుడు ట్యాంకులోకి వెళ్లరు. అయినా ఆయన పనికెళ్లిన రోజున నాకు కుదురుండదు. సాయంత్రం గేటు తీసిన చప్పుడయ్యాకే ఒకచోట కూర్చోగలను.