యాదక్క దాచిన పన్ను

అంకిస ఊళ్లో ఊడిన పన్నును ఇంట్లో ఉంచుకోరు, పెంకుల మీదికి విసిరేస్తారు. యాదక్క మాత్రం ఆ ఏడు ఇల్లిల్లూ తిరిగి ఊడిన పండ్లు అడుక్కుంది. కొడుకు సాంబన్న నాగపూర్‌లో పండ్ల డాక్టరు చదువుతున్నాడు. చెక్కీ తొలిచీ చేయి తిరగాలంటే నిజమైన పండ్లు కావాలని, ఎవరికి కావలసినవి వాళ్లే వెతికి తెచ్చుకోవాలని కాలేజీలో చెప్పారట. ఊరు చీదరించుకుంది. ఆమె లెక్కచేయలేదు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో సాంబన్న సెలవులకు రాగానే తల్లి అతని ముందు డబ్బా బోర్లించింది. అన్నీ పుచ్చినవీ విరిగినవే. ఒక్క దవడపన్ను మాత్రం వేరుతో సహా ముత్యంలా ఉంది.

“అమ్మా, గిది ఎవరిదే?”

“నాదే బిడ్డా. జరంత నొప్పి గూడ లేదు. బువ్వ తింటుంటె దానంతటదే ఊడొచ్చింది,” అంది యాదక్క గర్వంగా.

సాంబన్న చేయి ఆగిపోయింది. పుచ్చని పన్ను అలా ఊరికే ఊడితే దవడలో రాచపుండు, అంటే క్యాన్సర్, ఉందేమో చూడాలని అతను ఆ ఏడే చదివాడు. తల్లి బుగ్గలో ఎప్పటిలాగే తంబాకు ఉంది.

“నోరు తెరువమ్మా, చూస్త.”

“గంత జల్దేమున్నది? సదువు కానీ. డాక్టరువైనంక ముందుగల్ల నా నోరే చూద్దువు గని.”

ఆ చదువు పూర్తికావడానికి ఇంకా మూడేళ్లున్నాయి.