నెట్టీ వెనక గదిలో బళ్ళు

తను చెయ్యని తప్పుకి నెట్టీ గాల్‌బ్రెయిత్ మాట పడిన రోజున ఆమె మోచేతుల దాకా సబ్బు నురగ ఉంది. బట్టలు నానబెడుతున్నదల్లా తలుపు బాదిన చప్పుడుకి లేచి వచ్చింది. గుమ్మం ముందు ఎఫీ నిలబడి ఉంది. మూడో అంతస్తులో కాపురముంటున్న రోనాకి తల్లి ఆవిడ. ఆమె వెనక, నాలుగు మెట్ల పైన, రోనా మొగుడు ఆర్చీ.

"నీ గది చెమ్మగా ఉంటే ఆ ముక్క మాతో చెప్పాలి. అంతేగానీ కడుపుతో ఉన్న పిల్ల ఇంట్లోకి ఖాళీ పిల్లల బండి ఎక్కిస్తావా? బుద్ధుందా నీకు? నా కూతురు ఆస్పత్రిలో పడుంది. దాని బిడ్డ గాజు పెట్టెలో ఉంది, పిడికెడంత ఉంది. ఇప్పుడు చల్లగా ఉందా నీకు?"

"నేనా?" అంది నెట్టీ.

ఆమె చూపు ఎఫీ భుజం మీదుగా మెట్ల పైకి పోయి ఆర్చీ దగ్గర ఆగింది. మెట్ల కమ్మీ మీద పచ్చ రంగు ఎక్కడెక్కడ పెచ్చులూడిందో ఆర్చీ తెగ పరీక్షగా చూస్తున్నాడు. "నేనే తెచ్చాను" అంటే సరిపోయేది. రెండే మాటలు. ఓడల కార్ఖానాలో మేస్త్రీలతో గంటల తరబడి వాదించే మనిషికి ఆ రెండు మాటలు రాలేదు.

"పాప ఎలా ఉంది?" అని అడిగింది నెట్టీ.

"నీకెందుకు? నువ్వు చేసింది చాలు," అని ఎఫీ గిరుక్కున తిరిగి మెట్లెక్కింది. పై వాటాల్లో తలుపులన్నీ బెత్తెడు బెత్తెడు తెరుచుకుని ఉన్నాయి. అవన్నీ ఒకటొకటిగా మూసుకున్నాయి.

స్కాట్లండ్‌లోని ఆ గ్రీనక్ ఊళ్ళో బిడ్డ పుట్టకముందు ఏమైనా కొనుక్కోవచ్చు. బనీన్లు, లంగోటీలు, తొట్టి, చిన్న మంచం, ఏదైనా ఇంటికి తెచ్చుకోవచ్చు. బిడ్డని పడుకోబెట్టి తోసుకెళ్ళే బండి మాత్రం గడప దాటకూడదు. బిడ్డ ఇంటికి వచ్చాకే బండి రావాలి, లేకపోతే బిడ్డకి కీడు. చర్చి ముఖం చూడనివాళ్ళు కూడా ఈ ఒక్కటీ పాటిస్తారు. కొట్టువాళ్ళు కొన్నాళ్ళు ఉంచుతామంటారు గానీ కొట్టులో బండిని వచ్చేపోయే ప్రతివాళ్ళూ ఒకసారి తోసి చూస్తారు. అందుకే ఆ వీధిలో ఆడవాళ్ళంతా నెట్టీ వెనక గదికి అలవాటు పడ్డారు.

నెట్టీ పెళ్ళి చేసుకోలేదు. ముప్పై ఏళ్ళు ఊరి చాకిరేవు భవనంలో ఆవిరి తొట్ల మధ్య పనిచేసింది. కింది వాటాలో రెండు గదులు. వెనక గది తల్లిది. తల్లి పోయాక అక్కడ మొదటి బండి చెల్లెలిది పెట్టింది. తర్వాత పక్కింటివాళ్ళది, ఎదురింటివాళ్ళది. ఒకప్పుడు నాలుగు బళ్ళు వరసగా ఉండేవి, తెల్ల దుప్పట్లు కప్పుకుని. శుక్రవారం శుక్రవారం చక్రాలకి నూనె వేసేది. ఎండ వచ్చిన రోజున, అంటే ఆ ఊళ్ళో నెలకి రెండు సార్లు, పరుపులు తీసి వెనక గోడ మీద వేసేది. ఖాళీ బండి తొయ్యకూడదు కాబట్టి కొట్టు నుంచి తెచ్చేటప్పుడు అందులో ఒక సంచీ బంగాళాదుంపలు వేసుకొచ్చేవాళ్ళు. ఆ దుంపలు నెట్టీవి. అదే ఆమె కూలి.

బండి పెట్టడానికి వచ్చిన ఆడపిల్లలు చిట్టా కూడా తెచ్చేవాళ్ళు. ఏం కొనాలో రాసుకుని వస్తే నెట్టీ చెవి మీది పెన్సిల్ తీసి కొట్టేసేది. రోనా మొదటిసారి వచ్చినప్పుడు ఆర్చీ కూడా గుమ్మంలో నిలబడి విన్నాడు.

"ఏమిటే ఇవి, ఆరు గౌన్లా? యువరాణిగారు దిగుతున్నారా?"

"కొట్టులో ఆవిడ కావాలంది ఆంటీ."

"కొట్టులో ఆవిడకి కావాలి. నీకక్కర్లేదు. మూడు వారాల్లో అవి మోకాళ్ళకి రావు. రెండు చాలు. లంగోటీలు పన్నెండు రాశావు, ఇరవైనాలుగు చెయ్యి. ఈ వానలో ఏ గుడ్డ ఆరుతుందనుకున్నావు? పాలసీసాలు ఎందుకు ఆరు?"

"ఏమో, అవసరం పడితే..."

"ముందు నీ దగ్గర పాలున్నాయో లేదో చూడు. తర్వాత సీసా సంగతి. మంచి శాలువా ఒకటి కొను. అది ఒక్కటే ఖరీదైనది కొను. మీ ఆయనకి నవ్వొస్తోంది చూడు. ఏం నాయనా, ఇరవైనాలుగూ నువ్వు ఉతుకుతావా?"

ఆ నవ్వే ఆర్చీ కొంప ముంచింది. గ్రంథాలయంలో సగం అలమార చదివినవాడు అతను. చదువు బడిలో దొరక్కపోతే అక్కడ దొరికిందని గర్వం. బండికీ బిడ్డ బతుక్కీ ఏం సంబంధమని భోజనాల దగ్గర ఉపన్యాసం ఇచ్చేవాడు. రోనా విని ఊరుకునేది. బండి మాత్రం కిందే ఉండేది.

ఒక శనివారం మధ్యాహ్నం రోనా ఇంట్లో లేదు. బండి మెట్ల రెండో మలుపు దగ్గర తిరుగుతుందా లేదా అని ఆర్చీకి సందేహం వచ్చింది. తిరక్కపోతే ఇప్పుడే మార్చుకోవాలి కదా. నెట్టీ బజారుకి వెళ్ళింది. ఆమె తలుపుకున్న ఉత్తరాల కన్నంలోంచి దారం లాగితే దానికి కట్టిన తాళంచెవి బయటికి వచ్చేది. ఆ వీధిలో సగం ఇళ్ళు అంతే. తాళం తీసి, దుప్పటి తొలగించి, బండి భుజాన వేసుకుని మూడంతస్తులు ఎక్కాడు. మలుపు దగ్గర తిరిగింది, నాలుగు వేళ్ళ సందు కూడా మిగిలింది. నడవలో పెట్టి దూరంగా నిలబడి చూసుకున్నాడు. బాగుంది అనుకున్నాడు. అందులో తన బిడ్డ పడుకుంటుందని ఆ క్షణంలోనే మొదటిసారి నమ్మకం కలిగింది. దింపేద్దామనుకుంటూనే టీ పెట్టుకున్నాడు.

అప్పుడు ఎఫీ సూప్ గిన్నె పట్టుకుని లోపలికి వచ్చింది. బండి చూసి గిన్నె నేల మీదే పెట్టేసింది.

"ఇదేమిటి? ఎవరు తెచ్చారు దీన్ని?"

"నెట్టీ ఆంటీ పంపింది," అన్నాడు ఆర్చీ. "గది చెమ్మగా ఉందట."

ఎలా వచ్చిందో ఆ మాట అతనికే తెలియదు. దెయ్యాన్నీ దేవుణ్ణీ లెక్కచెయ్యని మనిషి అత్తగారిని చూసి జడుసుకున్నాడు. చిన్న అబద్ధం, సాయంత్రానికి అయిపోతుంది అనుకున్నాడు. బండి తిరిగి దింపేశాడు కూడా. సోమవారం తెల్లారేసరికి రోనాకి నొప్పులొచ్చాయి, ఆరు వారాలు ముందుగా.

పాప బతికింది. ఇరవై మూడు రోజులు గాజు పెట్టెలో ఉండి ఇంటికొచ్చింది. మేవిస్ అని పేరు పెట్టారు. ఐదేళ్ళు నిండేసరికి మెట్లు రెండేసి చొప్పున దూకుతోంది. బండి వల్ల దానికేమీ కాలేదు. కావలసిందంతా నెట్టీకే అయింది.

ఆ వారంలోనే వెనక గదిలో మిగతా రెండు బళ్ళూ ఖాళీ అయ్యాయి. ఒకామె తనే వచ్చి, తల్లి దగ్గర పెట్టుకుంటానని నసిగింది. రెండో ఆమె మొగుణ్ణి పంపింది. అతను నోరు మెదపకుండా తోసుకుపోయాడు, బంగాళాదుంపలైనా వెయ్యకుండా. ఆ తర్వాత ఇంకే బండీ రాలేదు. చిట్టాలూ రాలేదు. నెట్టీ ఎవరితోనూ పోట్లాడలేదు, తన మాట చెప్పుకోలేదు. శుక్రవారం ఏం చేసేదో తెలియదు.

ఆర్చీ దొడ్డిదారిన తిరగడం నేర్చుకున్నాడు, ఆమె కిటికీ తగలకుండా. చలికాలంలో ఆమె గుమ్మం ముందు బొగ్గుల బాల్చీ పెట్టి వచ్చేవాడు. ఎదురుపడితే "అక్కడ పెట్టు నాయనా" అనేది. అంతే. ఆ మాటలో కోపం ఉంటే అతనికి కాస్త సుఖంగా ఉండేది. పుస్తకాల్లో తప్పు ఒప్పుకున్నవాళ్ళు కొల్లలుగా కనిపించారు. వాళ్ళెవరికీ ఎఫీ లాంటి అత్తగారు లేదు అనుకుని పేజీ తిప్పేవాడు.

రోనాకి మళ్ళీ నెల తప్పింది. వేసవిలో ఒక సాయంత్రం వంటగది బల్ల దగ్గర కూచుని చిట్టా రాస్తోంది.

"లంగోటీలు ఇరవైనాలుగు. గౌన్లు రెండు. తొట్టి ఒకటి. మేవిస్ శాలువా ఉంది. సీసా తర్వాత చూద్దాం," అని గొణుక్కుంటూ రాసి, పెన్సిల్ ఆపింది. "బండి కొనాలి. పాతది చెల్లెలికిచ్చేశాం. అమ్మ ఇంట్లో పెడదామా?"

"మీ అమ్మ ఇంటికి తొంభై మెట్లున్నాయి."

"మరెక్కడ పెడతాం? నెట్టీ ఆంటీ దగ్గరికి ఏ మొహం పెట్టుకుని వెళ్ళను? అమ్మ అన్ని మాటలంది." పెన్సిల్ బల్ల మీద పెట్టి మళ్ళీ అంది. "ఆమె ఎందుకు పంపిందో నాకిప్పటికీ అర్థం కాదు ఆర్చీ. చక్రానికి మసి అంటితే తుడిచే మనిషి. అంత జాగ్రత్త మనిషి అలా ఎందుకు చేసిందంటావ్?"

"నాకేం తెలుసు," అన్నాడు ఆర్చీ.

అతని లెక్కలో అది రెండో అబద్ధం. మొదటిది భయంతో వచ్చింది. ఇది అలవాటుగా వచ్చేసింది. అది తెలిసి అతను కుర్చీలోంచి లేచాడు. పొగాకు తెచ్చుకుంటానని చెప్పి కిందికి దిగి, నెట్టీ తలుపు కొట్టాడు.

ఆమె లోపలికి రమ్మనలేదు. గుమ్మంలోనే నిలబెట్టి విన్నది. అతను శనివారం నుంచి మొదలుపెట్టి, తాళంచెవి, మలుపు, సూప్ గిన్నె, అన్నీ చెప్పాడు.

"అయిందా?" అంది.

"అయింది."

"ఇది నాకు చెప్పడానికి ఐదేళ్ళు పట్టిందా? నాకు ఆ రోజే తెలుసు కదయ్యా. బండి నేను పెట్టినట్టు లేదు, అటు తిరిగి ఉంది. దుప్పటి మీద నీ బూటు మసి. తెలిసినదాని దగ్గరికి వచ్చి చెప్పుకుంటే నీకు బరువు దిగుతుందేమో. నాకేం దిగుతుంది? తెలియనివాళ్ళు పైన ఉన్నారు."

"మరి ఆ రోజు మీరెందుకు చెప్పలేదు ఆంటీ?"

"మీ బిడ్డ గాజు పెట్టెలో ఉంది. అలాంటప్పుడు 'ఇది నీ మొగుడి పని' అని నీ పెళ్ళానికి చెప్పనా? పాప ఇంటికొచ్చాక నువ్వే చెప్తావనుకున్నాను. చెప్పే మనిషివే అనుకున్నాను." తలుపు మెల్లగా వేసుకుంది.

ఆదివారం ఎఫీ టీకి వచ్చినప్పుడు చెప్పాడు. నిలబడే చెప్పాడు, కూచుంటే మాట రాదేమోనని. ఎఫీ కప్పు సాసరు మీద పెట్టింది, తీసింది, మళ్ళీ పెట్టింది.

"అయినా తాళంచెవి అలా వేలాడదీసుకోమన్నదెవరు ఆవిణ్ణి?" అంది చివరికి.

"అమ్మా, ఊరుకో," అంది రోనా. తర్వాత ఆర్చీ వైపు తిరిగింది. గొంతు పెంచలేదు. "ఇరవై మూడు రోజులు ఆ ఆస్పత్రి మంచం మీద ఆమెను తిట్టుకుంటూ పడుకున్నాను. నువ్వు పక్కనే కూచుని నా చెయ్యి పట్టుకున్నావు. పట్టుకుని, అవునే, అవునే అన్నావు."

బల్ల మీది చిట్టా తీసుకుని లేచింది. ఆర్చీ కూడా లేవబోతే "నువ్వు రాకు" అంది. గంట తర్వాత కళ్ళు ఎర్రగా చేసుకుని వచ్చింది. చిట్టాలో తొట్టి కొట్టేసి ఉంది. బండి నెట్టీ దగ్గరే పెట్టాలని తేలింది. ఎఫీ మరుసటి వారం కింది గుమ్మం ముందు ఆగి, ఐదేళ్ళ తర్వాత మొదటిసారి "ఏం నెట్టీ, వాన ఆగేట్టు లేదు" అంది. ఆమె క్షమాపణ అంతకుమించి ఎదగలేదు.

ఆర్చీ వీధిలో ప్రతివాళ్ళకీ చెప్పాడు. సారా కొట్టులో చెప్పాడు, రొట్టెల దుకాణం ముందు వరసలో నిలబడి చెప్పాడు. అందరూ "అలాగా" అన్నారు. కొందరు, పెళ్ళానికీ నెట్టీకీ పొత్తు కలపాలని లేని నింద నెత్తిన వేసుకుంటున్నాడు, మంచివాడు అన్నారు. ఆ మాట విన్నచోట అతను మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. వెనక గదికి మాత్రం వాళ్ళ బండి ఒక్కటే వచ్చింది. ఇంకెవరూ తేలేదు. అలవాటు తప్పిపోయింది, వేరే చోట్లు చూసుకున్నారు. నెట్టీ మోకాళ్ళు కూడా పనిచెయ్యడం మానేశాయి. కొత్త సంవత్సరం వచ్చేలోపు లార్గ్స్ అనే ఊళ్ళో చెల్లెలి దగ్గరికి వెళ్ళిపోతానని చెప్పింది.

నవంబరులో కొడుకు పుట్టాడు, నెలలు నిండి, గట్టిగా ఏడుస్తూ. ఆర్చీ బండి తీసుకోవడానికి దిగాడు. ఆమెను చూడటం అదే ఆఖరు. చక్రాలు మెరుస్తున్నాయి. నెట్టీ పరుపు ఒకసారి తట్టి, ఖాళీగా తోసుకెళ్ళకుండా ఆర్చీ తెచ్చిన బాబు శాలువా మడత పెట్టి అందులో వేసింది. ఆర్చీ పిడి పట్టుకున్నాడు గానీ కదల్లేదు.

"ఆంటీ, నన్ను క్షమించారా?" అని అడిగేశాడు.

నెట్టీ కుర్చీలో కూలబడి మోకాలు రుద్దుకుంది.

"ఈ ఐదేళ్ళలో ఈ వీధిలో పదకొండు మంది పుట్టారు ఆర్చీ. ఆ కిటికీ దగ్గర కూచుని చూశాను, బళ్ళు పోతుంటే. ఒక్కళ్ళ పేరు కూడా నాకు తెలీదు. మీవాడికేం పేరు పెట్టారు?"