నాయనకు పెట్టిన శోకం

పొద్దున ఏడుంబావుకు మార్కాపురంలో ఫ్లెక్సీ దుకాణం షట్టరు లేచింది. నాయన రాత్రి పోయాడు. ఫ్లెక్సీ మీదికి మాటలు చెప్పడానికని చిన్నాయన కొడుకు నన్ను బండెక్కించుకుని వచ్చాడు. నేను పుస్తకాలు చదువుతానట.

నాతో పనే పడలేదు. అక్కడ మాటలు తయారుగా ఉన్నాయి.

"'అశ్రునివాళి' ఎయ్యాల్నా, 'తీరని లోటు' ఎయ్యాల్నా అన్నా?" అన్నాడు దుకాణం అతను.

"రెండూ ఎయ్యి. కింద మా ఫొటోలు అందరియీ రావాల" అన్నాడు చిన్నాయన కొడుకు.

"అట్లయితే పెద్దాయన ఫొటోకు చోటు చాలదు."

"ఆయన్ది రోంత తగ్గించు."

ఈలోగా నా ఫోనులో సంతాపాలు. ఒకాయన 'దిగ్భ్రాంతి'కి గురయ్యాడు. నాయన ఏడాదిగా మంచంలో ఉన్నాడు. ఒక్కసారైనా వచ్చి చూడనివాడికి దిగ్భ్రాంతి. 'తీరని లోటు' అన్నవాళ్లలో ఏది లోటో చెప్పగలిగినవాడు లేడు. ఎవరు పోయినా సరిపోయే మాటలు ఎవరివీ కావు. నాకు తెలిసినంతలో దుఃఖమంటే పోయిన మనిషిని ఉన్నదున్నట్టు తలచుకోవడం.

బేస్తవారిపేట దగ్గర మా ఊరికి తిరిగి వచ్చేసరికి నాయన అక్క, మా మేనత్త, శవం పక్కన కూర్చుని రాగం తీసి శోకం మొదలుపెట్టింది. పోయినవాళ్ల బతుకును, తప్పులతో సహా, వాళ్లకే చెబుతూ ఏడ్చే పాత పద్ధతి అది. నాయన గురించి నిజం ఒక్కసారైనా వినాలని దగ్గరికి జరిగాను.

"మొండోడివిరా తమ్ముడా! వానల్లేవు, కంది ఎయ్యొద్దంటే ఇంటివా? పెండ్లాం పిలిస్తే పలకకపోతివే, ఆయమ్మ పోయినాక ఆ చీర తలకింద పెట్టుకోని పండుకుంటివే..."

అమ్మ చీర సంగతి నాకు తెలియదు.

"అత్తా, గమ్మునుండు. లీడరు వస్తాండాడు, వీడియో తీస్తాండారు. ఏందా మాటలు?" అన్నాడు చిన్నాయన కొడుకు.

"నా తమ్ముణ్ణి నేను తిట్టుకుంటే నీకేందిరా, ఫొటోలోడా?"

"చెప్పనియ్యిరా, నేను ఇంటాండా" అన్నాను.

"నీకు తెల్దులే అన్నా, అందరూ నవ్వుతారు" అని వాకిట్లో పెట్టిన స్పీకరు సౌండు పెంచాడు. అందులో ఎవరిదో భక్తి పాట. అత్త పెదవులు కాసేపు కదిలాయి, ఏమీ వినపడలేదు. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. లీడరు దండ వేసి, వీడియో తీసేవాడి వైపు చూసి, తీరని లోటు అని పోయాడు.

దినాలు అయ్యాక ఆ చీర సంగతి చెప్పమని అత్తను అడిగాను.

"అది శవం ముందర చెప్పుకునేది నాయనా. కూకోని ముచ్చట్లాడేది గాదు" అంది.

మా ఊళ్లో ఇప్పుడు ఎవరూ శోకం పెట్టరు.