పంపు మామకు డ్రోను స్నానం

ఆ రోజుల్లో అంటే ఏ నిజాం కాలమో అనుకునేరు. పాలకుర్తి దగ్గరి ఊరికి నేను కోడలిగా వచ్చిన కొత్తలో సంగతి. (చీర కుచ్చిళ్లు సరిగ్గా నిలిచేవి కావు గానీ ధైర్యానికి మాత్రం లోటు లేదు.) మా మహిళా సంఘానికి చేలకు మందు కొట్టే డ్రోను వస్తోంది, ఎగరేయడం ఎవరు నేర్చుకుంటారని అడిగితే అందరికంటే ముందు చెయ్యెత్తింది నేనే. మా అత్తమ్మకు అది బొత్తిగా నచ్చలేదు. "కింద గింత పని ఉండంగ మబ్బులల్ల పనెందుకే మనకు" అని నేను శిక్షణ నుంచి తిరిగొచ్చేదాకా సణుగుతూనే ఉందట.

అత్తమ్మను మించిన అడ్డంకి పంపు మామ. మా మామగారి తమ్ముడు. ఊళ్లో సగం పత్తి చేలకు వీపున పంపు మోసి మందు కొట్టేది ఆయనే, అందుకే ఆ పేరు. మందుల విషయంలో ఊరంతా ఆయన మాటే వింటుంది. ఆయన పెదవి విరిస్తే నా డ్రోను సంఘం గదిలో మూలన పడాల్సిందే. డ్రోను వచ్చిన రోజు దాని చుట్టూ ఓసారి తిరిగి, "ఏందే కోడలా, గాలిపటం తెచ్చినవ్, దారం మర్చిపోయినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. (లోపల పళ్లు కొరికిన చప్పుడు ఎవరికీ వినపడలేదు.)

మర్నాడు పొద్దున మా చేనులో ఊరందరి ముందు ఎగరేసి చూపించాలి. మందు లేదు, కొత్త ట్యాంకు నిండా బోరు నీళ్లే. డ్రోను లేవగానే జనం ఈలలు వేశారు. పంపు మామ మాత్రం తనకేం పట్టనట్టు గట్టు మీద తువ్వాల ముఖాన కప్పుకుని గురక మొదలుపెట్టాడు. కాసేపు బుద్ధిగా పత్తి సాళ్లు తడిపాను. ఆ తర్వాత, మనుషుల మీదికి పోనీయొద్దని శిక్షణలో నెత్తీనోరూ కొట్టుకుని చెప్పిన మాట గుర్తుండగానే, నా బొటనవేలు డ్రోనును గట్టు వైపు తిప్పింది. పాదాల నుంచి తల దాకా, ఒక్క చుక్క వృథా కాకుండా మామను తడిపాను.

"మందు పడ్డది! చచ్చిపోతాన్రో!" అంటూ లేచిన మామ రెండడుగులు వేసి మళ్లీ కూలబడ్డాడు. "కండ్లు తిరుగుతానయ్. దవాఖానకు తీస్కపోన్రి!"

"నీళ్లే మామా!" అని నేను అరుస్తున్నా వినేదెవరు? ఒకరు ఆటో కోసం పరుగెత్తారు, ఒకరు మామ నాలుక చూస్తున్నారు. నేను డ్రోను దించగానే సంఘం పెద్దక్క నా చేతిలోంచి రిమోట్ లాక్కుని, "ఇగ దీన్ని ముట్టకు నువ్వు" అంది.

అంతలో మా అత్తమ్మ గిలాస పట్టుకుని, దిగిన డ్రోను దగ్గరికి నడిచింది. ట్యాంకులోంచి వంపుకుని అందరూ చూస్తుండగా గటగటా తాగేసింది. మూతి తుడుచుకుని మామ ముందు నిలబడింది.

"పొద్దుగాల నీళ్లు పోసింది నేనే. ఇగో, నేను తాగిన. నేను సచ్చినంక నువ్వు చద్దువు గని, అందాక లేసి కూసో మరిదీ!"

మామ లేచి కూర్చున్నాడు. ఒకసారి ఒళ్లు తడుముకుని, "గదే అనుకున్న, జర సల్లగనే ఉన్నది" అన్నాడు. ఊరంతా విరగబడి నవ్వింది. పెద్దక్క రిమోట్ నా చేతికిచ్చింది, కళ్లతో మాత్రం బాగానే తిట్టింది. ఆ సాయంత్రమే మామ మా ఇంటికొచ్చి గొంతు తగ్గించి, "కోడలా, పంపు మోసి మోసి నడుం పోయింది. రేపు నా పత్తికి కొట్టు. గని నేను చేనుకాడ లేనప్పుడు కొట్టు" అన్నాడు.

ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు నా దగ్గర నేర్చుకోవడానికి వస్తున్నారు. గాలి చూడాలి, జనాన్ని దూరం జరపాలి, వెకిలి వేషాలు వేయొద్దని గట్టిగా చెబుతుంటాను. వాళ్లు "సరే మేడం" అని బుద్ధిగా తలలూపుతారు. ఇంత గంభీరమైన మనిషిని ఎప్పుడయ్యానో నాకే తెలియదు. మనలో మాట, ఈ మేడం నాకు ఇంకా సరిగ్గా అలవాటు కాలేదు.