కన్నమ్మ కట్టిన ఊరు

భిలాయిలోని ఖుర్సీపార్ మార్కెట్లో ఇందుమతి పాత వీడియో గేములు కొని అమ్ముతుంది. అమ్మడానికి వచ్చినవాళ్లను ముందుగా ఆమె అడిగేది ఒక్కటే: "ఎందుకు ఆడటం మానేశావు?" గీతలు పడ్డ డిస్కును తుడిచి బాగుచేయవచ్చు గాని, విసుగు పుట్టించే ఆటను ఎవరూ బాగుచేయలేరని ఆమె నమ్మకం. గెలుపు అందినట్టే అంది జారిపోవాలి, ఓడినవాడు పళ్లు కొరుకుతూ మళ్లీ రిమోట్ అందుకోవాలి, అప్పుడే అది ఆట అనేది.

ఆ ఎండాకాలం రిసాలి నుంచి రాజేంద్ర ఒక గేము డబ్బా, రెండు రిమోట్లు, కొన్ని డిస్కులు సంచిలో వేసుకొచ్చాడు.

"పిల్లలకి కొత్తది కొన్నాం దీదీ. ఇది బేకార్‌గా పడుంది."

"దీంతో ఎవరూ ఆడటం లేదేటి?"

"ఎవరాడతారు? పగలంతా ఇంట్లో మా అమ్మొక్కర్తే."

అతను వెళ్లాక, లోపలున్నవన్నీ చెరిపేసే ముందు ఒకసారి చూద్దామని ఇందుమతి డబ్బాను టీవీకి తగిలించింది. ఇటుకలు పేర్చి ఇళ్లు కట్టుకునే ఆట ఒకటి కనబడింది. అందులో శత్రువులు లేరు, పందేలు లేవు. ఇలాంటివి తన దుకాణంలో ఎవరూ అడగరు. నిర్లక్ష్యంగానే బటన్ నొక్కింది.

తెర మీద ఒక ఊరు తెరుచుకుంది.

వరుసగా పసుపు గోడల క్వార్టర్లు. ప్రతి ఇంటికీ వరండా, పెరట్లో జామచెట్టు. గోడల్లో అతుకు మీద అతుకు పడకుండా ఇటుకలు సగం సగం జరిపి పేర్చి ఉన్నాయి. ఇంకా పని జరుగుతున్న చోట్ల చెట్ల నీడన ఓ చిన్న గది, అందులో పసిపిల్లలకు సరిపడే మంచాలు. వీధి మలుపు తిరిగితే మరో వీధి, దాని వెనక బడి, దూరంగా మబ్బుల్లోకి లేచిన చిమ్నీ. ఇందుమతి నడుస్తూనే ఉంది. కొట్టు గుమ్మంలోంచి ఎవరో పిలిచి, పలకకపోతే వెళ్లిపోయారు. చిమ్నీ లోపలి మెట్లెక్కింది. అవి పైదాకా వెళ్లకుండా మధ్యలోనే ఆగిపోయాయి.

విసుగొచ్చి మానేసినవాళ్లు ఇలా సగం మెట్ల మీద ఆపరు. ఎవరో ఆపించి ఉండాలి.

సాయంత్రం కొట్టు కట్టేసి, డబ్బా తీసుకుని రాజేంద్ర ఇంటికి వెళ్లింది.

"ఇందులో ఊరు కట్టిందెవరు భయ్యా?"

"పిల్లలే అయ్యుంటారు దీదీ."

"పిల్లలు కాదు," కిటికీ పక్క మంచం మీంచి ముసలామె అంది. "నానే."

ఆమె రాజేంద్ర తల్లి కన్నమ్మ. తుంటి విరిగి ఏడాదిగా ఇల్లు కదలలేదు. రాజేంద్ర ఆమె వైపు తిరిగాడు.

"నువ్వా? నాకు చెప్పనేదేటమ్మా?"

"నువ్వడిగావేట్రా? పిల్లలు బడికెళ్లాక కట్టుకునేదాన్ని."

"మరి నేను పట్టుకుపోతుంటే ఊరుకున్నావే!"

"పిల్లల సామాను గదా. నాదని ఎలాగంటాను?"

పలాస దగ్గర పల్లె నుంచి కొత్తకోడలిగా భిలాయి వచ్చింది కన్నమ్మ. ఉక్కు ప్లాంటు పెరుగుతున్న రోజులవి. తలమీద తట్టతో ఇటుకలు, సున్నం మోసే ఆడకూలీగా, అక్కడి మాటలో రేజాగా, చేరింది. వయసంతా ప్లాంటు కాలనీ సెక్టార్లలో ఆ మోతతోనే గడిచిపోయింది.

"తాపీ మాత్రం ఎన్నడూ ముట్టనేదు. అది మగోళ్ల పని అనేవోరు. పిల్లల్ని ఎండలో గుడ్డ పరిచి పడుకోబెట్టి మోసేవోళ్లం. ఈణ్నీ అలాగే పెంచినాను."

ఆ చిన్న గదులు, చిన్న మంచాలు ఇందుమతి కళ్ల ముందు మెదిలాయి. మెల్లగా అడిగింది: "గెలుపూ ఓటమీ లేని ఆటలో నీకేం సరదా అమ్మా?"

కన్నమ్మ నవ్వింది. "ఇటిక మొయ్యక్కర్లేదే! పెట్టడమే."

రాజేంద్ర డబ్బా తగిలించాడు. అమ్మకం సంగతి ఎవరూ ఎత్తలేదు. ముడతలు పడ్డ ఆ బొటనవేళ్లు కదలగానే చిమ్నీలో మెట్టు మీద మెట్టు లేచింది, గోడ గుండ్రంగా తిరిగి మూసుకుంది. ఒక్క ఇటుకా తప్పు పడలేదు. రాజేంద్ర నేల మీద చతికిలబడి, రెప్పవేయకుండా చూస్తున్నాడు. కన్నమ్మ కొస దాకా ఎక్కి ఆగింది. కింద ఊరంతా పరుచుకుని ఉంది. ఆటలో తెల్లవారుతోంది. కిటికీలు ఒక్కొక్కటే మెరుస్తున్నాయి. ఇందుమతి తెర దగ్గరికి జరిగింది. ఇన్నేళ్లూ ఇన్ని ఆటలు చేతులు మార్చింది గాని, ఇంత ఎత్తు ఎప్పుడూ చూడలేదు.

"నిజం చిమ్నీలకి కిందనుంచి అందించడమే," అంది కన్నమ్మ, చూపు తిప్పకుండా. "పైకెవరు ఎక్కనిస్తారు?"

 చిమ్నీ అవతల ఇంకా ఏమీ కట్టని మైదానం పొదలతో నిండి ఉంది.

"అక్కడ స్టేషన్ కట్టమ్మా," అన్నాడు రాజేంద్ర చిన్నపిల్లాడిలా.

కన్నమ్మ రెండో రిమోట్ అతని ఒళ్లోకి తోసింది.

"అయితే మట్టి నువ్వు తియ్యి. గోడలు నాను కడతాను."