ఆవిరి పట్టని అద్దం

ఆస్ట్రేలియాలోని కెయిర్న్స్‌లో ఎలక్ట్రీషియన్ నెవిల్ పనికి గడ్డంతోనే పోతాడు. తను మనసుపడ్డ గ్వెన్ ఇంట్లో పనుందని ఫోన్ చేసిన రోజు మాత్రం నున్నగా గీసుకుంటాడు. ఈసారి ఆమె స్నానాలగదిలో పాత ఫ్యాను విప్పి, తేమ తగిలితే దానంతటదే తిరిగే కొత్తది బిగించాడు. వైర్లు కలిపి, పరీక్షకని వేడినీళ్ల షవర్ వదిలాడు. అద్దమంతా మసకబారాక గానీ ఫ్యాను కదల్లేదు. ఆ మసకలో, గ్వెన్ ఎప్పుడో వేలితో రాసిన పేరొకటి తేలింది: కోలిన్. ఆమె పక్కింట్లో ఉండే, పడవలు నడిపే కోలిన్! నెవిల్ తుడిచేద్దామని చెయ్యెత్తాడు, తుడిస్తే ఆమెకు తెలిసిపోతుందని దించేశాడు. మళ్ళీ మెయిన్ ఆపి, ఫ్యాను మూత తీసి, సెన్సర్ మరను చివరిదాకా తిప్పాడు.

"అయిపోయిందా నెవ్?" అంటూ గ్వెన్ వచ్చింది.

"అయింది. ఆవిరి పుట్టీ పుట్టకముందే లాగేస్తుంది. నీ అద్దం ఇక జన్మలో మసకబారదు."

"హమ్మయ్య! పొద్దున్నే గడ్డం గీసుకుందామంటే మొహం కనబడట్లేదని కోలిన్ ఒకటే గోల."