సార్ ఇవ్వని తాళంచెవి

సోమవారం పొద్దున సార్ పోయారు. పుంగనూరు నుంచి వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసి, "అక్కా, ఇంక లేరు" అని మాత్రం అంది. వారం రోజులుగా ఆస్పత్రిలో ఉన్న మనిషి తిరిగొచ్చి మళ్ళీ నా తప్పులు పడతారనే నేను ఎదురుచూస్తున్నాను. ఆయన తప్పు పట్టకపోతే నాకు పని చేసినట్టే ఉండదు.

మదనపల్లెలో మాది చిన్న ఆఫీసు. టమాట మార్కెట్లో వేలం జరుగుతుంటే ఆ రేట్లు ఎప్పటికప్పుడు రైతుల సెల్లుల్లో కనపడేలా చేస్తాం. కుప్పం, బైరెడ్డిపల్లె దాకా ఆ రేట్లు చూసుకునే లోడు ఎత్తేవాళ్ళున్నారు. సార్ మా ఆఫీసులో పెద్ద ఇంజనీరు. నేను అంగళ్లులో చదువు ముగించి, పెద్దమండ్యం నుంచి రోజూ బస్సులో వచ్చేదాన్ని. నోటి దురుసు, తొందర రెండూ నాతోపాటే బస్సు దిగేవి.

ఈ పని తెలియనివారి కోసం రెండు ముక్కలు చెబుతాను. మా ప్రోగ్రాం కంటైనర్లు అనే పెట్టెల్లో, కొన్ని కంప్యూటర్ల గుంపు మీద నడుస్తుంది. ఆ గుంపును క్లస్టర్ అంటాం. "టమాట బాక్సులనుకోమ్మా. ఒగటి పగిలితే ఇంగొగటి పెడతాం, లోడు ఆగదు" అని సార్ మొదటిరోజే చెప్పారు. ఏ మార్పయినా వేలం మొదలవక ముందే ఆయన స్వయంగా ఎక్కించేవారు. కోడ్ సేవ్ చేయగానే పరీక్షలు జరిగి, కొత్త పెట్టె తయారై, దానంతటదే క్లస్టర్‌లోకి వెళ్ళే ఏర్పాటు చేయమని నాకు అప్పగించారు.

మూడు రోజులు తిప్పలు పడ్డాను. ఏం చేసినా క్లస్టర్ 'అనుమతి లేదు' అనేది. నాలుగో రోజు నా కంప్యూటర్లో సార్ ఎప్పుడో వాడి మరిచిపోయిన ఫైలు కనపడింది. అది ఆయన తాళంచెవి. దానితో క్లస్టర్‌లో ఏ తలుపైనా తెరుచుకుంటుంది. ఎవరికీ చెప్పకుండా దాన్నే నా ఏర్పాటులో పెట్టేశాను.

మొదటిసారి నడిపి చూసే రోజు సార్ కుప్పంలో ఒక రైతు పక్కన కూర్చుని ఉన్నారు. వేలం జోరుగా నడుస్తోంది. నేనిక్కడ మదనపల్లెలో కోడ్ సేవ్ చేశాను. కొత్త పెట్టె లేచి నిలబడేదాకా పాతది కదల్లేదు. ఒకదాని తర్వాత ఒకటి అన్నీ మారాయి. ఆ మాట ఫోన్లో చెబితే సార్ అరిచినంత పని చేశారు. "అమ్మా, కింద అంతా మారిపోయింది, ఈయప్ప రేటు సూస్తానే ఉండాడు. ఏమీ తెలీలా!" నాకు ఒళ్ళు జలదరించింది. అంతటి అనుభవం ఉన్న మనిషి, తాను నేర్పిన పని చూసి తానే నోరు తెరిచి ఆశ్చర్యపోవడం నాకింకా పెద్ద వింత. ఇప్పుడు తలుచుకున్నా అలాగే ఉంటుంది.

వారం తిరక్కుండానే నా డాబంతా దిగిపోయింది. పరీక్ష కోసం పెట్టుకున్న పెట్టెలను తీసేయమని రాయబోయి, రైతులకు రేట్లు చూపే అసలు పెట్టెల పేరు రాశాను. చేతిలో ఉన్నది అన్ని తలుపులూ తెరిచే తాళంచెవి కదా, క్లస్టర్ మారు మాట లేకుండా తీసేసింది. వేలం మధ్యలో రేట్లు మాయమయ్యాయి. బైరెడ్డిపల్లె నుంచి ఒక రైతు ఫోన్ చేశాడు. "ఏమ్మా, లోడు ఎత్తల్నా వద్దా? రేటు యాడ పోయింది?" ఫోన్ పట్టుకునే సార్ బల్ల దగ్గరికి పరిగెత్తాను.

సార్ అరగంటలో అంతా తిరిగి నిలబెట్టారు. తర్వాత కుర్చీ నా పక్కకు లాక్కుని, "సరుకు దించేదానికి వచ్చినోడికి బీరువా తాళం యాల ఇస్తివమ్మా?" అన్నారు. మా ఓనర్ దగ్గర మాత్రం, "నా తాళం నేనే పారేసుకుంటినప్పా, తప్పు నాది" అన్నారు. ఆ పాత ఫైలు ఇక పనిచేయకుండా చేసి, నా ఏర్పాటుకు వేరే తాళంచెవి చేసిచ్చారు. ఆ ఒక్క ప్రోగ్రాంలో పాత పెట్టె స్థానంలో కొత్తది పెట్టడం వరకే దాని అధికారం.

పెద్ద తాళంచెవి మాత్రం ఏళ్ళు గడిచినా నాకు ఇవ్వలేదు. తనకు తెలిసిందంతా నేర్పారు. టిఫిన్ డబ్బా విప్పితే సగం నాకే పెట్టేవారు. మార్పు ఎక్కిన ప్రతిసారీ, తెర మీద పచ్చ గుర్తు పడినా నమ్మకుండా, ఎవరో ఒక రైతుకు ఫోన్ చేసి "నీ సెల్లులో ఏం కనపడతాండాదప్పా?" అని అడిగేవారు. ఆ అలవాటు నాకూ అంటుకుంది. కానీ నన్ను మళ్ళీ నమ్మారా లేదా అని అడిగే ధైర్యం ఏనాడూ రాలేదు. ఇంత నోరున్నదాన్ని, ఆ ఒక్క మాట దగ్గర మూగదాన్నయ్యాను.

పుంగనూరు వెళ్ళి ఆయన్ను చివరిసారి చూసి వచ్చిన మరునాడు ఓనర్ నా బల్ల దగ్గరికొచ్చారు. పనిలోంచి ఎవరు వెళ్ళినా వెంటనే వాళ్ళ అనుమతి తీసేయాలన్నది సార్ పెట్టిన పద్ధతే. "ఆయన పేరు తీసేయల్లమ్మా. ఆ తాళం ఆయనొక్కరి దగ్గరే కదా ఉండాది, ఎట్లా ఇప్పుడు?" అన్నారు. కుదరదని తెలిసే, నా పేరుతో లాగిన్ అయ్యి, పెద్ద తాళంచెవి ఎవరి దగ్గరుందో చూపమని క్లస్టర్‌ను అడిగి చూశాను.

తెరుచుకుంది. అన్ని అనుమతులూ ఉన్నవాళ్ళ జాబితా తెర మీదికి వచ్చింది. అందులో సార్ పేరు లేదు. మార్పుల చిట్టా చూస్తే, ఆస్పత్రిలో చేరిన రోజు పొద్దున్నే, ముందు ఒక పేరు చేర్చి, ఆ తర్వాత తన పేరు తానే తీసేసుకున్నారు. జాబితాలో మిగిలింది ఒక్క పేరే. అది నాది.